మేలుకోని బోర్డు: పాల కేంద్రంలో ముందుగా ఏమి చూడాలి?

ఈ పాఠం పాల సేకరణ యంత్రం గురించి. అందులోనూ యంత్రం మొత్తం గురించి కాదు, దాని పెట్టెలో ఉండే అరచేతి వెడల్పు బోర్డు గురించి. కాటా నుండి తూకాన్ని, పాల పరీక్ష యంత్రం నుండి వెన్న శాతాన్ని, ఎస్.ఎన్.ఎఫ్. శాతాన్ని తీసుకుని, ధర కట్టి, స్లిప్పు అచ్చు వేయించి, సభ్యుని ఖాతాలో రాసుకునేది ఈ బోర్డే. ఇది ఒక చిన్న కంప్యూటరు. రోజూ స్విచ్ వేయగానే మేలుకుని పనిలో దిగుతుంది గనుక దీని ఉనికి మనకు తెలియదు. ఒక పూట మేలుకోకపోతే మాత్రం కేంద్రం ముందు వరుస కట్టిన వారందరికీ తెలుస్తుంది.

అటువంటి పూట సంఘాల నుండి వచ్చే ఫోన్లలో ఒకటే మాట వినిపిస్తుంది: “యంత్రం స్టార్టు కావడం లేదు.” జ్వరం అన్నట్టే ఇది కూడా. ఏ జ్వరమో చెప్పనిదే వైద్యుడు మందు ఇవ్వలేడు. బోర్డు మేలుకోవడంలో నాలుగైదు మెట్లు ఉన్నాయి. అది ఏ మెట్టు మీద ఆగిందో కనిపెడితే, సగం సందర్భాలలో మరమ్మతు కేంద్రంలోనే అయిపోతుంది. మిగతా సగంలో కూడా మెకానిక్కు సరైన సామానుతో వస్తాడు. మెట్టు తెలుసుకోకుండా స్విచ్చిని పదిసార్లు వేసి తీస్తే పోయేది యంత్రం ఒక్కటే కాదు, సభ్యుల లెక్కలు కూడా. ఆ సంగతి దిగువ వివరంగా చెబుతాము.

పాలు ఆగవు

బోర్డు పని చూడకముందు పాల పని చూడాలి. పిండిన పాలు వెచ్చగా ఉన్నంతసేపూ సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి. కూలర్‌లో పడి 4 డిగ్రీలకు దిగితేనే వాటి వేగం తగ్గుతుంది. కావున పది నిమిషాలలో బోర్డు మేలుకోకపోతే దానిని పక్కన పెట్టి చేతి లెక్కకు మారడం మంచిది. పాలు పోయించుకోవడం అయిన తర్వాత తీరికగా బోర్డు సంగతి చూసుకోవచ్చు.

ఇక్కడ చాలామంది మరచే విషయం ఒకటి ఉంది. బోర్డు పడుకుంటే కాటా, పాల పరీక్ష యంత్రం కూడా పడుకున్నట్టు కాదు. చాలా కేంద్రాలలో ఈ రెండింటికీ సొంత అంకెల గడులు ఉంటాయి. వాటిలో కనిపించిన తూకాన్ని, శాతాలను రిజిస్టరులో రాసుకుంటూ పోతే పూట గడుస్తుంది. అయితే రెండు శాతాల మీద ధర కట్టే పని అంతవరకూ బోర్డు చేసేది. కాబట్టి అచ్చు వేసిన ధరల పట్టిక ఒకటి గోడకు ఉండాలి. ధర మారినప్పుడల్లా పాతది చించి కొత్తది అంటించాలి. పాత పట్టికతో కట్టిన బిల్లు ఎంత గొడవ తెస్తుందో చెప్పనక్కరలేదు.

పరీక్ష యంత్రం కూడా పనిచేయకపోతే పాత గెర్బర్ పద్ధతి ఉండనే ఉంది. బుటిరోమీటరులో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు పోసి, నిమిషానికి 1100 చుట్లు తిరిగే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, 65 డిగ్రీల నీటిలో ఉంచి, వెన్న గీత చూస్తారు. వరుస కట్టిన జనం ముందు ఇదంతా చేయడం కుదరదు. సభ్యుని నంబరు రాసిన సీసాలలో నమూనాలు తీసి, చల్లగా ఉంచి, తర్వాత పరీక్షించవచ్చు.

“ఈ పూటకు నిన్నటి శాతమే వేస్తాం” అనే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. మాకు ఇది నచ్చదు. ఒకే గేదె పాలలో కూడా ఉదయం శాతం, సాయంత్రం శాతం ఒకటి కావు. పిండడానికీ పిండడానికీ మధ్య ఎడం తక్కువైన పూట వెన్న సాధారణంగా ఎక్కువ ఉంటుంది. గత్యంతరం లేక పాత శాతం వేయవలసి వస్తే ఉదయానికి ఉదయందే, సాయంత్రానికి సాయంత్రందే వేయాలి. పైగా ఆ పద్ధతిని పాలకవర్గం ముందే తీర్మానం చేసి సభ్యులకు చదివి వినిపించి ఉండాలి. యంత్రం ఆగిన పూట కార్యదర్శి ఒక్కడే నిర్ణయిస్తే, అతడు ఎంత నిజాయితీపరుడైనా మాట పడవలసి వస్తుంది.

బోర్డు ఎలా మేలుకుంటుంది?

గేదె చేపకముందే పొదుగు లాగితే పాలు రావని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. దూడను వదలాలి, పొదుగు కడగాలి, చేపేదాకా ఆగాలి. బోర్డుకూ అటువంటి వరస ఉంది. మెకానిక్కులు దీనినే ‘బూట్ కావడం’ అంటారు.

మొదట అడాప్టరు నుండి 5 వోల్టులో 12 వోల్టులో బోర్డుకు అందుతుంది. బోర్డు దానిని 3.3 వోల్టులకు, అంతకన్నా తక్కువకు దించి చిప్పులకు పంచుకుంటుంది. ఈ వోల్టేజీలు నిలకడగా నిలిచేదాకా ఒక చిన్న కాపలా సర్క్యూట్ ప్రధాన చిప్పును కదలనివ్వదు. కరెంటు వణుకుతూ ఉంటే చిప్పు లేవబోయి మళ్ళీ కూలబడుతుంది. రెండవ మెట్టులో ప్రధాన చిప్పు తన పొట్టలో ఫ్యాక్టరీలోనే చెక్కిన నాలుగు మాటలు చదువుకుంటుంది. ఆ మాటలు చెప్పేదల్లా తర్వాత ఎక్కడ వెతకాలన్నదే. మూడవ మెట్టులో మెమరీ కార్డులో గాని, బోర్డుకు అతికిన మెమరీ చిప్పులో గాని ఉన్న ‘బూట్ లోడర్’ అనే చిన్న ప్రోగ్రాము లేస్తుంది. అది లైనక్స్ వంటి పెద్ద ప్రోగ్రామును తెచ్చి నిలబెడుతుంది. అది ఖాతాలున్న ఫైళ్ళను తెరుస్తుంది. ఆ తర్వాతనే మన పాల లెక్కల తెర కనిపిస్తుంది. పాత రకం చిన్న యంత్రాలలో కార్డు ఉండదు, ప్రోగ్రాము అంతా ఒకే చిప్పులో ఉంటుంది. వాటికి మెట్లు తక్కువ, తగాదా కూడా తక్కువ.

దీపాన్ని, తెరను కాస్త ఓపికగా చూస్తే ఏ మెట్టులో ఆగిందో చాలావరకు తెలుస్తుంది. ఏ దీపమూ వెలగకపోతే మొదటి మెట్టే దాటలేదు. కరెంటు దీపం వెలిగి తెర నల్లగా ఉండిపోతే రెండు, మూడు మెట్లను అనుమానించాలి. తెరపై అక్షరాలు వచ్చి ఒక వరుస దగ్గర నిలిచిపోతే ఫైళ్ళ దగ్గర చిక్కు. కంపెనీ బొమ్మ వచ్చి, పోయి, మళ్ళీ వచ్చి, ఇలా తిరుగుతూ ఉంటే కరెంటు చాలకపోవడమైనా కావచ్చు, ప్రోగ్రాము పడిపోతూ ఉండడమైనా కావచ్చు. ప్రోగ్రాము ఉలుకూ పలుకూ లేకుండా పోతే బోర్డును దానంతట అదే తిరిగి లేపే ఏర్పాటు ఒకటి చాలా బోర్డులలో ఉంటుంది. దానిని ‘వాచ్‌డాగ్’ అంటారు, అంటే కాపలా కుక్క.

రాస్ప్‌బెర్రీ పై అనే బోర్డు మీద కట్టిన యంత్రాలు కూడా ఉన్నాయి. దానిలో పచ్చ దీపం లెక్కగా మిణికి తన జబ్బు చెబుతుంది. 4 సార్లు మిణికి ఆగి, మళ్ళీ 4 సార్లు మిణికితే మేలుకొలుపు ఫైలు కార్డులో దొరకలేదని అర్థం. 7 సార్లయితే పెద్ద ప్రోగ్రాము దొరకలేదని అర్థం. ఇతర బోర్డుల లెక్కలు వేరు. యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఆ పేజీ ఉంటే నకలు తీసి పెట్టె మూతకు లోపలి వైపు అంటించండి.

బల్బు వెలిగితే చాలదు

మేలుకోని బోర్డులలో మొదట అనుమానించవలసింది కరెంటునే. “బల్బు వెలుగుతోంది గనుక కరెంటు ఉంది” అని అంటారు. నేటి ఎల్.ఇ.డి. బల్బు 230 వోల్టులు రావలసిన చోట 150 వచ్చినా వెలుగుతుంది. కనుక బల్బు సాక్ష్యం చెల్లదు. ప్రతి సంఘంలో ఒక మల్టీమీటరు ఉండాలి. దాని ధర పెద్దది కాదు. సాకెట్‌లో వోల్టేజి కొలవడం తెలిసిన కుర్రవాడు ప్రతి ఊరిలోనూ ఉంటాడు.

సాకెట్‌లో వోల్టేజి సరిగా ఉంటే తర్వాత అడాప్టరును చూడాలి. ఇక్కడ ఒక మోసం ఉంది. ముసలి అడాప్టరు విడిగా కొలిస్తే 5 వోల్టులు నిక్కచ్చిగా చూపుతుంది. బోర్డు బరువు మీద పడగానే 4కు జారుతుంది. వట్టి కావడి ఎత్తి చూసి, నిండు కుండలు మోస్తాడని నమ్మినట్టే ఇది. బోర్డు తగిలించి ఉండగా కొలిస్తేనే నిజం బయటపడుతుంది. పైన చెప్పిన రాస్ప్‌బెర్రీ పై వోల్టేజి 4.63 దిగువకు పడితే తెరపై మెరుపు గుర్తు చూపి హెచ్చరిస్తుంది. ఆ గుర్తు రోజూ కనిపిస్తూ ఉంటే అడాప్టరు మార్చే రోజు దగ్గర పడిందని తెలుసుకోవాలి.

అడాప్టరు పోయిందని సెల్‌ఫోను చార్జరు, దాని సన్న వైరు తగిలించడం ఇప్పుడు మామూలైంది. బావి మోటారుకు సన్న తీగ వేస్తే ఏమవుతుందో రైతుకు తెలుసు. ఇక్కడా అంతే. వైరు నిరోధం రానూపోనూ 0.3 ఓము ఉండి 2 ఆంపియర్లు పారితే, 0.6 వోల్టు వైరులోనే తరిగిపోతుంది. 5.1 బయలుదేరితే 4.5 చేరుతుంది. ఫోను దానితో నెమ్మదిగానైనా చార్జి అవుతుంది. బోర్డు మాత్రం లేవదు, లేచినా నిలవదు.

అడాప్టరు మార్చేటప్పుడు వోల్టులు అచ్చంగా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతేగాని, అంతకన్నా ఎక్కువగాని ఉండవచ్చు. పిన్నులో లోపల ప్లస్సా, మైనస్సా అన్న గుర్తు కూడా కలవాలి. పిన్ను పట్టింది కదా అని 12 వోల్టుల అడాప్టరును 5 వోల్టుల బోర్డుకు పెడితే రెప్పపాటులో బోర్డు కాలిపోతుంది. అది ఇక బాగుపడదు.

కేంద్రంలో బల్క్ కూలర్ ఉన్నచోట ఇంకో సంగతి గమనించాలి. కంప్రెసర్ మోటారు కదిలిన క్షణంలో వోల్టేజి ఒక్కసారి కుంగుతుంది. “రోజూ బాగానే ఉంటుంది, మధ్యలో దానంతట అదే ఆగి మళ్ళీ మొదలవుతుంది” అనే ఫిర్యాదు వచ్చినప్పుడు, ఆ సమయమూ కంప్రెసర్ కదిలే సమయమూ ఒకటేనా అని చూడండి. ఒకటే అయితే బోర్డుకు జబ్బు లేదు. దానికి వేరే లైను, బ్యాటరీ ఉన్న యు.పి.ఎస్. కావాలి. యు.పి.ఎస్. ఉంది కదా అని నిశ్చింతగా ఉండడమూ పొరపాటే. లోపలి బ్యాటరీ చచ్చిన యు.పి.ఎస్. కరెంటు ఉన్నంతసేపూ చక్కగా కనిపిస్తుంది. నెలకు ఒకసారి, పాలు పోయడం అయిపోయి లెక్కలు దాచిన తర్వాత, గోడ ప్లగ్గు పీకి ఎన్ని నిమిషాలు నిలుస్తుందో చూసి రాసుకోవాలి. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా చార్జి అయి, కాసేపు ఆగిన తర్వాత సుమారు 12.7 చూపాలి. విశ్రాంతిలో 12 దిగువన ఉంటే అది ఖాళీ కావచ్చిందన్నమాట. ఎంతసేపు చార్జి చేసినా అక్కడే ఉంటే మార్చవలసిందే.

లైనులో న్యూట్రల్ తీగ వదులైనా, తెగినా 230 రావలసిన చోట 400 దాకా వచ్చే ప్రమాదం ఉంది. అప్పుడు ఫ్యూజు పోతుంది. పవర్ సప్లైలో ‘వేరిస్టర్’ అనే చిన్న బిళ్ళ పగిలి నల్లబడుతుంది. అది తాను చచ్చి బోర్డును కాపాడిందని అర్థం. కాలిన వాసన వస్తే రెండవసారి స్విచ్ వేయకండి. ఫ్యూజుకు బదులు రాగి తీగ చుట్టకండి. పవర్ సప్లై మూత విప్పకండి. 230 వోల్టుల కరెంటు లోపల 325 వోల్టుల దాకా నిలవ కరెంటుగా మారి, ప్లగ్గు పీకిన తర్వాత కూడా కెపాసిటర్లలో కొంతసేపు దాగి ఉంటుంది.

కరెంటు బాగుండీ బోర్డు లేవకపోతే దానిని ఒంటరిని చేసి చూడాలి. స్విచ్ తీసి, ప్లగ్గు పీకి, ప్రింటరు, కాటా, పరీక్ష యంత్రం, పెన్‌డ్రైవ్ అన్నిటి వైర్లూ విప్పి, బోర్డు ఒక్కదానికే కరెంటు ఇవ్వండి. లేచిందా, తప్పు బయటి సామానుది. ప్రింటరు లోపల షార్టు ఉంటే బోర్డు 5 వోల్టులను అదే లాగేసుకుంటుంది. కొన్ని యంత్రాలు తగిలించి మరచిన పెన్‌డ్రైవ్ నుండి మేలుకోవడానికి ప్రయత్నించి అక్కడే నిలిచిపోతాయి. ఒక్కొక్క వైరూ తిరిగి కలుపుతూ చూస్తే దొంగ దొరుకుతాడు. ప్రతి వైరుకు ముందు స్విచ్ తీయడం మరువరాదు.

కార్డులో ఉన్నది మీ డబ్బు

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. మెమరీ కార్డు రిజిస్టరు వంటిది కాదు. రిజిస్టరులో ఒక వరుస రాస్తూ ఉండగా దీపం ఆరితే ఆ వరుస ఒక్కటే సగంలో ఆగుతుంది. కార్డు ఒక అంకె మార్చాలన్నా ఒక పెద్ద గడినంతా చెరిపి తిరిగి రాసుకుంటుంది. చెరిపిన తర్వాత, రాయకముందు కరెంటు పోతే ఆ గడిలో ఉన్న పక్క లెక్కలు కూడా పోవచ్చు. ఆ గడిలో మేలుకొలుపు ఫైలు ఉంటే మరుసటి పూట బోర్డే లేవదు. మేలుకునే సమయంలో కూడా బోర్డు కార్డు మీద రాస్తూనే ఉంటుంది. లేవని యంత్రానికి పదేపదే స్విచ్ వేసి తీయవద్దని మేము చెప్పేది ఇందుకే. రెండుసార్లు చూడండి. రెండిటి మధ్యా అర నిమిషం ఆగండి. ఆ తర్వాత ఆపండి.

ఒక సంఘంలో ఏమి జరిగిందో చెబుతాము. ఊరి పేరు అనవసరం. పది రోజుల బిల్లుకు ఒక రోజు ముందు బోర్డు లేవలేదు. చురుకైన యువకుడొకడు కార్డు తీసి తన ఇంటి కంప్యూటరులో పెట్టాడు. “ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?” అని తెర అడిగింది. సరే అన్నాడు. నిజానికి ఆ కార్డు చెడలేదు. యంత్రంలో ఉండేది లైనక్స్ రాత, ఇంటి కంప్యూటరులో ఉన్న విండోస్‌కు ఆ రాత చదవడం రాదు. చదవడం రానిదల్లా దానికి ఖాళీ కాగితమే. ఆ ఒక్క ‘సరే’తో తొమ్మిది రోజుల లెక్కలు చెదిరాయి. తప్పు కుర్రవాడిది అందామా? ఆ ప్రశ్నకు వద్దనాలని అతడికి ఎవరూ చెప్పలేదు. మీరు చెప్పండి. కార్డును ఎక్కడ పెట్టినా, ఏ తెర అడిగినా, ఫార్మాట్‌కు ఒప్పుకోకూడదు.

ఆ లెక్కలు తిరిగి కట్టిన తీరు కూడా తెలుసుకోదగినది. స్లిప్పులు దాచుకున్న సభ్యులందరినీ పిలిచి ముందు అవి రాసుకున్నారు. ప్రతి పూటా సంఘం నుండి ఎన్ని లీటర్లు, ఏ శాతంతో వెళ్ళాయో శీతలీకరణ కేంద్రం ఇచ్చిన రసీదులో ఉంది. అందులో నుండి స్లిప్పుల మొత్తం తీసివేస్తే మిగిలినది స్లిప్పులు లేనివారి పాలు. దానిని వారి ముందు పక్షం సరాసరి ప్రకారం అందరి ఎదుటా పంచారు. స్లిప్పున్నవారు తమది తాము తీసుకున్నారు. లేనివారికి వచ్చినదానితో తృప్తిపడక తప్పలేదు. ఆ స్లిప్పులు వేడికి అచ్చు పడే రకం కాగితం. ఎండ తగిలినా, ప్లాస్టిక్ సంచిలో పెట్టినా అక్షరాలు వెలిసిపోతాయి, లేదా కాగితమంతా నల్లబడుతుంది. కావున ఇంటికి వెళ్ళగానే అంకెలు పాస్‌పుస్తకంలో ఎక్కించుకోవాలి. ఆడవారు పాలు పోసే ఇళ్ళలో ఈ పని చాలావరకు బడికి వెళ్ళే పిల్లలే చేస్తున్నారు, బాగానే చేస్తున్నారు.

కార్డు చెడిందా, బోర్డు చెడిందా అని తేల్చుకోవడానికి సులువైన మార్గం రెండవ కార్డు. యంత్రం బాగున్న రోజున మెకానిక్కుతో కార్డుకు అచ్చుగుద్దినట్టు నకలు తీయించి, తేదీ రాసి, పొడి డబ్బాలో దాచుకోవాలి. లేవని పూట కరెంటు తీసి నకలు కార్డు పెడితే బోర్డు లేచిందంటే జబ్బు పాత కార్డుదే. ఆ పూట పాలు పోయించుకోవచ్చు. అయితే నకలులో ఆ తేదీ నాటి ధరలు, ఆ తేదీ నాటి సభ్యుల జాబితా ఉంటాయి, చూసుకుని సరిచేయాలి. పాత కార్డును కవరులో పెట్టి, తేదీ, పూట రాసి, మెకానిక్కు చేతికే ఇవ్వాలి. నిన్నటిదాకా ఉన్న లెక్కలు దానిలో నుండి బయటికి తీయడం చాలాసార్లు సాధ్యమే.

ఈ ఉపాయం పాల కేంద్రాలకే పరిమితం కాదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కుజగ్రహం మీదికి పంపిన స్పిరిట్ అనే బండి 2004 జనవరిలో దిగింది. మూడు వారాలు కాకముందే దాని నుండి సరైన మాట రావడం ఆగింది. దాని లోపలి కంప్యూటరు లేవడం, పడిపోవడం, మళ్ళీ లేవడంగా ఉంది. రాత్రి పడుకోవలసింది పడుకోక బ్యాటరీని కూడా హరిస్తోంది. వెళ్ళి స్విచ్ నొక్కేవారు అక్కడ లేరు. ఏ మెట్టు దగ్గర పడిపోతున్నదో ఇంజనీర్లు ఊహించారు. మన కార్డు వంటి దాని ఫ్లాష్ మెమరీని ముట్టకుండా మేలుకోమని భూమి నుండి ఆజ్ఞ పంపారు. మేలుకుంది. ఫ్లాష్ మెమరీలో ఫైళ్ళు లెక్కకు మించి పేరుకోవడమే కారణమని తేలింది. అనవసరమైనవి చెరిపి దానిని బాగుచేశారు. 90 రోజుల పనికని పంపిన ఆ బండి 2010 దాకా మాట్లాడుతూనే ఉంది. పేరుకుపోయిన పాత ఫైళ్ళ బెడద మనకూ ఉంది. సంవత్సరాల పాత బిల్లులను కార్డులోనే ఉంచక, పెన్‌డ్రైవ్‌లోకి, కాగితం మీదికి ఎక్కించి ఖాళీ చేయించాలి.

1970 జనవరి 1

బోర్డు మేలుకుంటుంది గాని పాలు తీసుకోనంటుంది, లేదా స్లిప్పు మీద తేదీ 1970 జనవరి 1 అని పడుతుంది. ఇది దయ్యమూ కాదు, కొత్త మోసమూ కాదు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే నాణెం వంటి బ్యాటరీ అయిపోయింది. చాలా కంప్యూటర్లు కాలాన్ని 1970 ఆరంభం నుండి లెక్కిస్తాయి. గడియారం పోతే అక్కడికే పోయి నిలుస్తాయి. మన దేశపు సమయంలో అది సరిగ్గా ఉదయం 5 గంటల 30 నిమిషాలు, పాల వేళే! అందుకనే కొన్నిచోట్ల తేదీ చూడకుండా పాలు పోయించుకుంటూ పోయారు. ఆ లెక్కలన్నీ ఏ బిల్లులోకీ రాక ఎక్కడో మూలన పడి ఉన్నాయి. సాధారణంగా ఉండేది సి.ఆర్. 2032 అనే బ్యాటరీ. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, ఆ అంకెల అర్థం అదే. 3 వోల్టులు ఉండాలి. 2.7 దిగువకు వస్తే మార్చి, తేదీ, పూట సరిచేసుకుని గాని మొదటి సభ్యుని పాలు కొలవకూడదు.

తేమ, ఆవిరి, బల్లులు

పాల కేంద్రంలో గాలి బోర్డుకు పడదు. నేల కడిగిన తేమ, పులిసిన పాల ఆమ్లం, గెర్బర్ పరీక్ష గంధకామ్లపు ఆవిరి కలిసి రాగి గీతల మీద ఆకుపచ్చ చిలుము పట్టిస్తాయి. ఆమ్లం సీసాలను, యంత్రాన్ని ఒకే బల్ల మీద పెట్టడం మేము చాలాచోట్ల చూశాము. వేరు చేయండి. వెచ్చదనానికి చీమలు, బొద్దింకలు, బల్లులు పెట్టెలో చేరతాయి. వైర్ల రంధ్రాలకు రబ్బరు బిగించాలి. వానలు మొదలైన తర్వాత లేవని బోర్డు, పెట్టె తెరిచి కాసేపు ఫ్యాను గాలికి ఆరబెడితే లేవడం తరచుగా జరుగుతుంది. అది నయమైనట్టు కాదు. మళ్ళీ తేమ తగలగానే తిరగబెడుతుంది. చిలుమును మెకానిక్కు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, మెత్తని బ్రష్షుతో తుడవాలి. తడిగుడ్డ పనికిరాదు. బోర్డు మీద నిలువుగా ఉండే చిన్న డబ్బాల వంటి కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉంటే వాటి ఆయువు తీరిందని గుర్తు. వాటిని మార్చవచ్చు, బోర్డునంతా పారవేయనక్కరలేదు.

కాటా సంగతి వేరు. దానికి తూనికలు కొలతల శాఖ వారి ముద్ర ఉంటుంది. బోర్డు వెతుకులాటలో ఆ ముద్రను ఎవరూ కదపరాదు.

మెకానిక్కుకు ఏమి చెప్పాలి?

“స్టార్టు కావడం లేదు” అనడానికి బదులు ఇలా చెప్పవచ్చు: “సాకెట్‌లో 225 ఉంది. బోర్డు తగిలించి కొలిస్తే అడాప్టరులో 5.0 ఉంది. ఎర్ర దీపం వెలుగుతోంది, పచ్చ దీపం 4 సార్లు మిణికి ఆగుతోంది. వైర్లన్నీ విప్పినా అంతే. నిన్న సాయంత్రం పాలు పోస్తూ ఉండగా రెండుసార్లు కరెంటు పోయింది. నకలు కార్డు మా దగ్గర లేదు.” ఇంత విన్న మెకానిక్కు బయలుదేరేటప్పుడే కార్డు తయారుచేసుకుని వస్తాడు. తెరపై అక్షరాలు నిలిచిపోయి ఉంటే చివరి నాలుగు వరుసలు కనబడేలా ఫోనుతో ఫొటో తీసి పంపితే ఇంకా మేలు.

ఈ వివరాలు రాసుకోవడానికి ఒక నలభై పేజీల నోటుపుస్తకం కొని కాటా పక్కన మేకుకు వేలాడదీయండి. తేదీ, పూట, వోల్టేజి, ఏమి కనిపించింది, ఎవరు ఏమి చేశారు, ఈ అయిదు గడులు చాలు. మహాజన సభ రోజున దానిని కూడా లెక్కల పుస్తకాలతో పాటు బల్ల మీద పెడితే, యంత్రం ఏ ఏ పూటలు ఆగిందో, ఆ పూటల లెక్క ఎలా కట్టారో సభ్యులెవరైనా తిరగేసి చూసుకోవచ్చు.